తాత్కాలిక క్యాప్‌ల బలం: పోలికలపై ఒక విమర్శ

శాశ్వత క్యాప్ వచ్చేదాకా అరగదీసిన పంటిని కాపాడేది తాత్కాలిక క్యాప్. దీన్ని డిజిటల్ పద్ధతిలో రెండు విధాలుగా తయారుచేస్తారు. మిల్లింగ్‌లో, ఫ్యాక్టరీలో ముందే గట్టిపరచిన పి.ఎం.ఎం.ఎ. దిమ్మెను యంత్రం చెక్కుతుంది. త్రీడీ ప్రింటింగ్‌లో, ద్రవరూపంలోని రెజిన్ కాంతి సోకి పొరలు పొరలుగా గట్టిపడుతుంది.

క్యాప్‌పై భారం పెంచుతూ పోయి, అది ఎన్ని న్యూటన్ల వద్ద పగిలిందో చూసి ఈ రెండింటినీ తరచూ పోలుస్తారు. ఇందులో రెండు లోపాలను గమనించండి. మొదటిది, పద్ధతితోపాటు పదార్థమూ మారుతోంది. కాబట్టి గెలుపు యంత్రానిదా, పదార్థానిదా అన్నది తేలదు. ప్రింట్ చేసిన కోణం, ఆ తర్వాత కాంతిలో ఉంచిన సమయం కూడా ఫలితాన్ని మారుస్తాయి. రెండోది, నోట్లో క్యాప్‌పై పడేది ఒక్క పెద్ద భారం కాదు. వేలసార్లు నమలడం, వేడి టీ, చల్లని నీళ్లు దాన్ని క్రమంగా బలహీనపరుస్తాయి.

ఆదోని మార్కెట్‌లో పత్తిని పింజ పొడవొక్కటే చూసి కొనరు, తేమా చూస్తారు. క్యాప్‌కూ అంతే. ఎమ్మిగనూరు పక్క పల్లెలో వేయించిన వేరుశనగ నమిలే కూలీకి క్యాప్ విరిగితే ఒక రోజు కూలి, బస్సు ఛార్జీ పోతాయి. కనుక ఏ పరిశోధన చదివినా "ఎంత బలం?" అన్న ప్రశ్నతో ఆగకండి. "ఏ పదార్థం? ఎన్నిసార్లు నమిలాక?" అని కూడా అడగండి.