కరువు సీమలో ఇంటి జ్ఞాపకాల రచన

పెద్దలు చెప్పగా విన్న సంగతులకు తన పరిశీలనను జోడించి విద్యార్థి రాసే కుటుంబ స్మృతి రచనకు కర్నూలు, కడప సీమలలో పాత పునాదే ఉంది. పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫియతులు, అంటే స్థానికుల నోట విని, కరణాల దగ్గరి దండకవిలెలనే గ్రామ లెక్కల పుస్తకాలు చూసి రాసిన ఊరి వృత్తాంతాలు, ఇక్కడి నోటిమాటను కాగితానికి ఎక్కించాయి. అయితే వాటిలో ఊరు కనిపించినంతగా ఇల్లు కనిపించదు. మాన్యం ఎవరిదో తెలుస్తుంది గానీ, అందులో కలుపు తీసిన ఆడమనిషి కరువునాడు ఏం తిని బతికిందో తెలియదు. ఆ లోటును పూడ్చడంలోనే ఈ రచన విలువ ఉంది.

ఇందులో అన్నిటికన్నా కష్టమైన పని కాలనిర్ణయం. పాతతరం వారు ఏళ్లను తెలుగు సంవత్సరాల పేర్లతోనో కరువులతోనో గుర్తుపెట్టుకుంటారు. ఆ పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి కాబట్టి ‘నందన’ అంటే 1832 కావచ్చు, 1892 కావచ్చు, 1952 కావచ్చు. జేజి, అంటే నాయనమ్మ, తన చిన్నతనంలో గంజి కేంద్రం ముందు నిలబడ్డానని చెబితే అది 1952 నాటి కరువని, ఆమె తన అవ్వ నోట విన్న ధాత కరువు 1876లో మొదలైన మహాకరువని విద్యార్థి లెక్కగట్టాలి. ఆమె మాటల్లో ఆ రెండూ కలిసిపోతే వాటిని వేరుచేసి వివరించాలే గాని ఆమె మాటను దిద్దకూడదు, ఎందుకంటే ఒక తరం ఆకలి మరో తరం ఆకలిలో కలిసిపోవడం కూడా ఆ ఇంటి చరిత్రే.

అడిగే తీరును బట్టి జ్ఞాపకం కదులుతుంది. ఆ రోజులు ఎట్లా ఉండేవని అడిగితే ‘కష్టంగా ఉండేవి’ అన్న ఒక్క మాటే దొరుకుతుంది. కపిల, అంటే ఎద్దులతో తోలుసంచి లాగించి బావినీళ్లు తోడే ఏర్పాటు, ఎవరు తోలేవారు, ఆ ఎద్దులను ఏ ఏడు అమ్ముకున్నారు అని అడిగితే అప్పు, పెళ్లి, వలస ఒకదాని వెంట ఒకటి బయటికి వస్తాయి. ఆదోని వైపు కుటుంబాలు పత్తి, మిరప కోతలకు గుంటూరు సీమకు పోయే వలసను సుగ్గి అంటారు. అలాంటి మాటలను, పెద్దల యాసను, చెప్పినవి చెప్పినట్లే ఉంచి, వివరణను మాత్రం విద్యార్థి తన భాషలో రాయడం మేలు. శ్రీశైలం జలాశయంలో మునిగిన ఊళ్లవారి ఇళ్లలోనైతే వీధుల వరుస, బావి, గుడి ఉన్న చోట్లను పెద్దలతోనే గీయించాలి, ఎందుకంటే ఆ నేల ఇప్పుడు నీటి అడుగున ఉంది.

కడప జిల్లా రచయితల్లో కేతు విశ్వనాథరెడ్డి కథలు, కరువులో గొర్రెల మందలను నల్లమలకు తోలుకుపోయే కాపరుల బతుకుపై సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి రాసిన ‘కొండపొలం’, వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ కల్పనలే అయినా, ఇంటిభాష సాహిత్యానికి ఎంత బలమిస్తుందో చూపుతాయి. విద్యార్థికి మాత్రం కల్పించే స్వేచ్ఛ లేదు. ముఠా కక్షల వంటి విషయాల్లో పెద్దలు మౌనం వహిస్తే, ఆ మౌనాన్ని ఊహతో నింపకుండా ఉన్నదున్నట్లు నమోదు చేయడమే నిజాయితీ.

1952 నాటికి ఊహ తెలిసిన పిల్లలు ఇప్పుడు ఎనభైకి అటూ ఇటూ ఉన్నారు. కర్నూలు, కడప కళాశాలల తెలుగు శాఖలు ప్రతి విద్యార్థి చేతా ఒక ఇంటి వృత్తాంతం రాయించి, చెప్పినవారి సమ్మతితో, ఊరి పేరు, విన్న తేదీ చేర్చి గ్రంథాలయాల్లో భద్రపరచే పనిని ఈ విద్యాసంవత్సరంలోనే మొదలుపెట్టాలి.