అక్షరం ఒకచోట, గడియారం ఒకచోట

ఆ రాత్రి సర్వీసు ఆగిపోయింది 12 గంటల 18 నిమిషాలకు. ఆ సమయంలో సర్వర్ మీద ఇద్దరం ఉన్నాం, ఇద్దరమూ రూట్ షెల్‌లోనే. ఎప్పుడు ఆగిందో సిస్టమ్ జర్నల్ చెప్పింది. ఎవరు ఆపారో చెప్పలేదు. షెల్ హిస్టరీలో రీస్టార్ట్ కమాండ్ కనిపించింది నాతో పనిచేసే కుర్రవాడి వైపు, అదీ టైము లేకుండా. తెల్లారేసరికి తప్పు అతనిదేనని ఆఫీసంతా అనుకోవడం మొదలైంది. ‘నేను ఆపలేదన్నా, కావాలంటే నా రికార్డింగ్ చూడండి’ అన్నాడు.

అతని దగ్గర ఆస్కినెమాతో చేసిన రికార్డింగ్ ఉంది. నా దగ్గర ‘స్క్రిప్ట్’ కమాండ్ రాసిన ఫైల్ ఉంది. ఒకే రాత్రి, ఒకే సర్వర్, రెండు పద్ధతులు. ఆ రెండు ఫైళ్లతో మూడు రోజులు గడిపాక ఈ పోలిక రాయాలనిపించింది.

స్క్రిప్ట్ చాలా పాతది. 3.0 బీఎస్‌డీతో వచ్చింది. అప్పటికి టెర్మినల్ అంటే బల్ల మీద కూర్చున్న యంత్రమే. ఫైల్‌కు పేరు పెట్టకపోతే ఇప్పటికీ అది ‘టైప్‌స్క్రిప్ట్’ అనే పెడుతుంది, టైపు కొట్టిన ప్రతి అన్న అర్థంలో. షెల్‌కూ తెరకూ మధ్య ఒక నకిలీ టెర్మినల్ పెట్టి, తెర మీదికి పోయే ప్రతి బైట్‌నూ ఫైల్‌లోకి కూడా పంపుతుంది. ఏదీ ఏరదు, దేన్నీ దిద్దదు. పోలండ్‌కు చెందిన మార్చిన్ కులిక్ మొదలుపెట్టిన ఆస్కినెమా ఈ తరానిది. అది రాసే ఫైల్‌లో మొదటి వరుస తెర వెడల్పు, ఎత్తు, మొదలైన సమయం చెబుతుంది. ఆ తర్వాత ప్రతి వరుసా ఒక సంఘటన: ఎన్నో సెకనులో, ఏ రకం, ఏ అక్షరాలు. జేసన్ రూపంలో ఉంటుంది కాబట్టి ఏ భాషలో ప్రోగ్రామ్ రాసేవాళ్లయినా సులువుగా చదువుకోవచ్చు.

మొదటి చూపులో ఆస్కినెమాదే పైచేయి. నా టైప్‌స్క్రిప్ట్‌ను క్యాట్‌తో తెరిస్తే శుభ్రంగానే కనిపించింది, ఎందుకంటే అందులోని కోడ్‌లన్నిటినీ టెర్మినల్ మళ్లీ అమలు చేసి చూపిస్తుంది. లెస్‌కు -U ఇచ్చి తెరిస్తే అసలు రూపం బయటపడింది: రంగు మార్చే ఎస్కేప్ కోడ్‌లు, వరుస చివర క్యారేజ్ రిటర్న్‌లు, నేను తప్పు కొట్టి చెరుపుకున్నచోటల్లా బ్యాక్‌స్పేస్‌లు. ‘స్టేటస్’ అనే మాటను తప్పుగా కొట్టి మూడక్షరాలు వెనక్కి వెళ్లి దిద్దాను. తప్పు అక్షరాలు, చెరిపిన గుర్తులు, సరైన అక్షరాలు, అన్నీ వరసగా పడి ఉన్నాయి. ‘కాల్’ కమాండ్‌తో బ్యాక్‌స్పేస్‌లు తీసేయవచ్చు గానీ రంగు కోడ్‌ల తునకలు అక్కడక్కడా మిగిలిపోయాయి. సెడ్‌తో రంగులు తీస్తే కర్సర్‌ను జరిపే కోడ్‌లు మిగిలాయి. చిత్తు కాగితాన్ని తుడిచి శుభ్రప్రతి చేయాలనుకోవడం లాంటిదే ఇది. ఆస్కినెమా మూడో వెర్షన్ ఈ పనికి సరైన దారి పట్టింది. మామూలు టెక్స్ట్‌గా మార్చమంటే, లోపల ఒక టెర్మినల్‌ను నడిపి, అన్ని కోడ్‌లూ అమలయ్యాక తెర మీద నిలిచిన అక్షరాలనే ఇస్తుంది. చదవడానికి హాయిగా ఉంటుంది. కానీ చెరిపేసిన తప్పులు కూడా అందులోంచి పోతాయి. విచారణలో నాకు ఒక్కోసారి ఆ తప్పులే కావాలి.

వెతకడం దగ్గర నా అంచనా తలకిందులైంది.

కుర్రవాడి ఫైల్‌లో ‘రీస్టార్ట్’ అన్న కమాండ్ కోసం గ్రెప్ కొట్టాను. ఒక్కటీ దొరకలేదు. హిస్టరీలో ఉన్న మాట రికార్డింగ్‌లో లేదంటే ఎవరికైనా అనుమానమే వస్తుంది. ఆఫీసులో ఒకాయనకు వచ్చింది కూడా. ఫైల్‌ను కళ్లతో చదివితే గానీ సంగతి అర్థం కాలేదు. మనిషి చేత్తో కొట్టేటప్పుడు షెల్ ఒక్కో అక్షరాన్నే తెర మీదికి పంపుతుంది. ప్రతి అక్షరం ఒక సంఘటన, ప్రతి సంఘటన ఒక వరుస. ఇంగ్లీషులో ఆ మాటకు ఏడక్షరాలు, అంటే ఏడు వరుసలు. మాట నిలువునా చీలిపోయి ఉంది. గ్రెప్ వరుస లోపల వెతుకుతుంది గానీ వరుసలు దాటదు. ప్రోగ్రాములు ఒక్కసారిగా కుమ్మరించిన సందేశాలు మాత్రం సులువుగా దొరుకుతాయి. మనిషి కొట్టినది దొరకదు, మనకు కావాల్సిందేమో అదే.

నా టైప్‌స్క్రిప్ట్‌లో అదే మాట మొదటి గ్రెప్‌కే దొరికింది. బైట్లన్నీ పక్కపక్కనే ఉంటాయి కదా.

దొరికింది గానీ ఎప్పుడు కొట్టానన్నది అందులో లేదు. స్క్రిప్ట్ కాలాన్ని వేరే ఫైల్‌లో రాస్తుంది, అదీ మనం అడిగితేనే. ఆ టైమింగ్ ఫైల్‌లో ప్రతి వరుసకు రెండే అంకెలు: ఎంతసేపు ఆగాలి, ఆగాక ఎన్ని బైట్లు చూపాలి. మొదట జోయీ హెస్ రాసిన ‘స్క్రిప్ట్‌రీప్లే’ ఈ రెండింటినీ జతచేసి సెషన్‌ను మళ్లీ ఆడిస్తుంది. మధ్యలో ఊరికే ఉన్న కాలాన్ని కుదించుకోవచ్చు, వేగం పెంచుకోవచ్చు. ఎంత పెంచినా అది చూడటమే, వెతకడం కాదు. చూపిస్తుంది గానీ జవాబు చెప్పదు.

ఇక్కడే రెండు పద్ధతుల అసలు తేడా తెలిసింది. స్క్రిప్ట్ పుట్టుకతోనే అక్షరాన్నీ కాలాన్నీ విడదీసింది, సమయం కావాలంటే మనమే కలుపుకోవాలి. ఆస్కినెమా రెండింటినీ ముడివేసింది, మాట కావాలంటే మనమే ఆ ముడి విప్పుకోవాలి. జేక్యూతో కుర్రవాడి ఫైల్‌లోంచి అవుట్‌పుట్ సంఘటనలు మాత్రమే ఏరి, అక్షరాలన్నీ అతికిస్తే మాట దొరికింది, సమయం జారిపోయింది. మళ్లీ వెనక్కి వెళ్లి ఆ ఏడు వరుసల్లో చివరిదాని పక్కనున్న సెకన్లు చదువుకున్నాను. అతనిది రెండో వెర్షన్ ఫైల్ కావడం మేలైంది, అందులో సమయం మొదటినుంచీ లెక్క. మూడో వెర్షన్‌లో ప్రతి వరుసా ముందు వరుస నుంచి ఎంత దూరమో మాత్రమే చెబుతుంది. రికార్డింగ్‌ను కత్తిరించి దిద్దుకునేవాళ్లకు అది బాగుంటుంది. వెతికేవాళ్లకు అదనపు కూడిక. ఆ మార్పు నాకు నచ్చలేదు.

అతను రీస్టార్ట్ కొట్టింది 12 గంటల 21 నిమిషాలకు. అప్పటికి సర్వీసు ఆగిపోయి మూడు నిమిషాలైంది. ఆపింది అతను కాదు, లేపింది అతను.

మిగిలింది నా ఫైల్. నా రీస్టార్ట్ పక్క కిటికీలోని టెస్ట్ సర్వర్ మీద కొట్టానని నా జ్ఞాపకం. టైప్‌స్క్రిప్ట్‌లో ఆ మాట ఎన్నో చోట ఉందో చూసి, మొదటి వరుసను తీసేసి (టైమింగ్ ఫైల్ దాన్ని లెక్కపెట్టదు), అంతవరకు టైమింగ్ ఫైల్‌లోని రెండో అంకెలు కూడుతూ, మొదటి అంకెలన్నీ కలిపాను. 1,874 సెకన్లు వచ్చాయి. సెషన్ మొదలైంది 23:40:12కి కాబట్టి 00:11:26. సర్వీసు పడటానికి ఏడు నిమిషాల ముందు. ఇది కాదులే అనుకున్నాను.

రాత్రి నిద్రపట్టక మళ్లీ చూశాను. ఎన్నో చోట అన్నది నేను రాసుకున్న చిన్న ప్రోగ్రామ్‌తో చూశాను, అది అక్షరాలు లెక్కపెడుతుంది. టైమింగ్ ఫైల్ లెక్కపెట్టేది బైట్లు. మా సర్వర్‌లో తెలుగు పేర్లున్న ఫైళ్లు బోలెడు, ఆ రాత్రి వాటి జాబితాను రెండుసార్లు తెర మీదికి తెప్పించాను. యూటీఎఫ్-8లో ‘అ’కు మూడు బైట్లు, ‘క్ష’కు క, పొల్లు, ష కలిపి తొమ్మిది. నా లెక్క అసలు స్థానం కంటే ఎంతో వెనకే ఆగిపోయింది. గ్రెప్‌నే బైట్ స్థానం చెప్పమని అడిగి మళ్లీ కూడాను. 2,291 సెకన్లు. 00:18:23. ఆ వరుసకు ముందున్న ప్రాంప్ట్‌లో సర్వర్ పేరు కూడా ఉంది. టెస్ట్ సర్వర్ కాదు.

ఎవరు, ఎప్పుడు అన్న ప్రశ్నలకే పుట్టిన మూడో సాధనం ఒకటుంది, సుడో రీప్లే. ఎవరు, ఏ తేదీల మధ్య, ఏ కమాండ్ అని అడిగితే సెషన్ల జాబితా ఇస్తుంది. ఇలా ఏరి ఇచ్చే పనికి ఈ మూడింటిలో పూర్తిగా తగినది అదే. మాలాగా సుడోతో షెల్ తెరిచి లోపల కూర్చుంటే మాత్రం జాబితాలో షెల్ పేరే ఉంటుంది. షెల్ లోపల నడిచిన కమాండ్‌లను కూడా లాగ్‌లో రాసే వీలు 1.9.8 వెర్షన్‌తో, 2021లో వచ్చింది. మా సర్వర్‌లో అది పెట్టలేదు, ఇప్పుడు పెట్టాం. ఒక జాగ్రత్త మూడింటికీ వర్తిస్తుంది. తెర మీద కనిపించేదాన్నే రికార్డు చేస్తే పాస్‌వర్డ్ అందులో పడదు. కొట్టిన మీటలను కూడా రికార్డు చేయమంటే పడే ప్రమాదం ఉంది. అలాంటి ఫైల్‌ను ఎవరి చేతికైనా ఇచ్చేముందు ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.

కొత్తవాళ్లకు పని నేర్పడానికి, పంచుకోవడానికి నేను ఆస్కినెమానే ఇస్తాను. ఏం జరిగిందో తేల్చాల్సిన చోట ఇప్పటికీ స్క్రిప్ట్‌నే నడుపుతాను, టైమింగ్ ఫైల్‌తో కలిపి. చీలని మాట, కదలని బైట్ లెక్క, ఈ రెండూ ఉంటే మిగతాది కూడికే.

రెండు సమయాలూ, రెండు ఫైళ్లూ పై అధికారికి పంపి, ఆ తప్పు నాదని రాశాను. సాయంత్రం కుర్రవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని లెక్కంతా చూపించాను. అంకెలు తనే మళ్లీ కూడి చూసుకున్నాడు. తర్వాత అడిగాడు: ‘మీరు టైమింగ్ ఫైల్ పెట్టుకోకపోయి ఉంటే అన్నా?’

‘నువ్వు ఆపలేదని నీ ఫైల్ చెప్పేది తమ్ముడూ. ఆపింది నేనని చెప్పడానికి ఏదీ ఉండేది కాదు.’