నిలబెట్టిన చోట నిజం

పెద్ద దర్శకులు చివరి రోజుల్లో తీసిన సినిమాలంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. పట్టు సడలిన చోటూ, పట్టు వదలని చోటూ వాటిలో పక్కపక్కనే కనిపిస్తాయి. ఈ వారం జాన్ ఫోర్డ్ చివరి వెస్టర్న్ 'షయాన్ ఆటమ్' (1964) మళ్లీ చూశాను.

'స్టేజ్‌కోచ్' (1939)లో అమెరికా మూలవాసులను గుర్రాల మీద విరుచుకుపడే శత్రువులుగానే చూపించిన ఫోర్డ్, డెబ్బై ఏళ్ల వయసులో వాళ్ల వైపు నిలబడి కథ చెప్పాలనుకున్నాడు. ఓక్లహామా ప్రాంతంలో మూలవాసులకు కేటాయించిన రిజర్వేషన్ భూమిలో ఆకలికీ జబ్బులకీ తాళలేక, ఉత్తర షయాన్ తెగవాళ్లు 1878లో పిల్లాజెల్లాతో సొంతగడ్డకు నడక మొదలుపెట్టారు. సినిమాకు ఆధారం ఆ నడకే.

మొదట్లోనే ఒక గొప్ప ఘట్టం ఉంది. వాషింగ్టన్ నుంచి వచ్చే పెద్దమనుషుల కోసం షయాన్లు ఎండలో నిలబడి ఎదురుచూస్తారు. ఎంతసేపటికీ ఎవరూ రారు. ఓ ముసలి నాయకుడు నిలబడలేక పడిపోతాడు. చివరికి అందరూ మౌనంగా వెనుదిరుగుతారు. విలియం క్లోథియర్ కెమెరా ఆ బారును అంతదూరం నుంచి, అంత ఓపికగా చూస్తుంటే, జరిగిన అవమానం మనకు విడమరిచి చెప్పాల్సిన పని ఉండదు.

చిక్కంతా షయాన్లు నోరు విప్పాల్సి వచ్చినప్పుడే. ముఖ్యమైన షయాన్ పాత్రలు రికార్డో మోంటల్‌బాన్, గిల్బర్ట్ రోలండ్, సాల్ మినియో వంటి బయటి నటులకు దక్కాయి. షయాన్లుగా వెనక నిలబడ్డ నవాహో తెగవాళ్లు గుంపులోనే ఉండిపోయారు. కథ చెప్పేదేమో వాళ్లను తరుముతున్న సైన్యాధికారి. నడుమ జేమ్స్ స్టీవర్ట్, వెస్టర్న్ కథల్లో పేరుపడ్డ వయట్ అర్ప్‌గా వచ్చి, డాడ్జ్ సిటీలో పేకాట హాస్యం పండిస్తాడు. విడిగా చూస్తే సరదాగానే ఉంటుంది కానీ, ఆకలితో నడుస్తున్నవాళ్లను మనం అక్కడ పూర్తిగా మరిచిపోతాం. పైగా వందల మైళ్లు నడిచినా, ఫోర్డ్‌కు ప్రాణమైన మాన్యుమెంట్ వ్యాలీ కొండలే మళ్లీమళ్లీ ఎదురవుతాయి. కళ్లకు పండగే, కానీ దూరం తరుగుతున్నట్టు అనిపించదు.

అయినా ఈ సినిమాను పక్కన పెట్టలేను. జీవితమంతా ఒక రకంగా చూసిన మనిషి, ఆ వయసులో చూపు మార్చుకోవడం చిన్న విషయం కాదు. చూపు మారాక మాట కూడా వాళ్లకే ఇవ్వాలి. ఫోర్డ్ అంతవరకూ వెళ్లలేకపోయాడు. మరొకరి బాధను కథగా రాసే ప్రతివాళ్లూ ఈ సినిమా చూడాలని నేననేది అందుకే.