బుచ్చమ్మ వినిన యిల్లు

కన్యాశుల్క నాటకమునందలి పాత్రలలో మధురవాణిని గూర్చి వ్రాసినవారు పెక్కురు. గిరీశమును గూర్చి వ్రాసినవారు అంతకంటె నెక్కుడు. బుచ్చమ్మ మాట వచ్చునప్పటికి మాత్రము విమర్శ రెండు వాక్యములతో ముగియుచుండును. ఆమె అమాయకురాలనియు, మాటకారి యగు గిరీశమునకు లోఁబడినదనియు చెప్పి విమర్శకులు ముందునకు సాగుదురు. నాటక మిచ్చు సాక్ష్యమునకు ఈ తీర్పు సరిపడదు. గడప దాటి యెఱుఁగని యీ బాలవితంతువు దేనికి లోఁబడినది యను ప్రశ్నకు గురజాడ అప్పారావుగారు తగిన సమాధానమే యుంచినారు. ఆమె లోఁబడినది గిరీశము రూపమునకు గాదు, అతని యింగ్లీషునకును గాదు. అతఁడు నోటితోఁ గట్టి చూపిన యొక సంసారమునకు.

నాటకము 1892 సం. ఆగస్టు 13 తేదిని విజయనగరమున జగన్నాథవిలాసినీ సభవారిచే మొదట ప్రదర్శింపఁబడెను. 1897 లోఁ దొలికూర్పును, 1909 లో మిక్కిలి పెంచి మార్చిన మలికూర్పును వెలువడినవి. ఇచటి చర్చ మలికూర్పును బట్టి చేయఁబడినది.

కృష్ణరాయపురాగ్రహారమున అగ్నిహోత్రావధానుల యిల్లు ఎట్టిదో మొదట చూడవలెను. పెద్దకూఁతురు బుచ్చమ్మను వెలకిచ్చి పెండ్లి చేయఁగా ఆమె వితంతువై పుట్టినింటికి వచ్చినది. ఆమె యత్తవారి భూములకై తండ్రి వ్యాజ్యమాడుచున్నాఁడు. ఆమె వలన నతనికిఁ గలిగిన ప్రయోజనము అదియొక్కటియే. చిన్నకూఁతురు సుబ్బిని రామచంద్రపురాగ్రహారమునందలి లుబ్ధావధానులను వృద్ధునకు 1800 రూపాయలకు కుదుర్చుకొన్నాఁడు. వలదనిన భార్యకు అతఁడిచ్చిన యుత్తరము కోపము. ఆమె యెంచుకొన్న యుత్తరము నూయి. ఆ యింటఁ దండ్రి నొకటి యడుగుట, అడిగి పొందుట యను నాచారము లేదు. ఆఁడువారికి మిగిలినవి రెండే: మౌనము, కానిచో ప్రాణత్యాగము.

ఇది కవి కల్పించిన వింత గాదు. విజయనగర ప్రభువు ఆనందగజపతి యానతిపై విశాఖపట్టణ మండలమునందలి కన్యాశుల్క వివాహముల పట్టికను సిద్ధపఱచినట్లు తొలికూర్పు పీఠికయందు గురజాడవారు తెలిపిరి. మూఁడేండ్లలో లెక్కకు వచ్చిన వివాహములు 1034. అందు అయిదేండ్ల కన్యలు 99, నాలుగేండ్లవారు 44, మూఁడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఏఁడాది పసికందులు 3. బుచ్చమ్మ యీ పట్టికలోని యొక పంక్తికిఁ బేరు పెట్టి మాటలాడించిన పాత్ర.

ఈ యింటికి తమ్ముఁడు వెంకటేశముతోఁ గూడ గిరీశము వచ్చెను. గురువని పేరే కాని అతఁడు వెంకటేశమునకు చుట్టలు కాల్చుట నేర్పిన చెలికాఁడు. అంతవఱకు ఆ యింట బుచ్చమ్మ చెవినిఁ బడుచుండిన పెద్దమాటలు ఆమెకుఁ దెలియనివి. తండ్రి నోట వేదము. తమ్ముని నోట ఇంగ్లీషు. తల్లి ముచ్చటపడి కోరఁగా గురుశిష్యులు ఇంగ్లీషున సంభాషించినట్లు నటించిన ఘట్టము నవ్వు పుట్టించుటకే చేర్చినదని తలఁచువారు కలరు. ఆ నవ్వు వెనుక మఱియొక సంగతి కలదు. ఆ యింటి స్త్రీలకు మంత్రమును ఇంగ్లీషును సమానముగా అర్థము కాని ధ్వనులు. గిరీశ మొకనాఁడు తెలుఁగున, అందును పిల్లలను గూర్చి, మాటలాడెను. వాడుకభాషలో నాటకము వ్రాసినందులకు గురజాడవారిని నిందించిన పండితులు కూడ ఈ స్థలమున నాగి చూడవలెను. బుచ్చమ్మకు బోధపడు భాష యిది యొక్కటే కావున కథ నడచుట కిది యావశ్యకము.

ఆ ఘట్టమున గిరీశము తాను వితంతువును బెండ్లాడి కాపురము చేయునప్పటి దినచర్యను ఊహించి చెప్పును. తాను పనిలో నుండఁగా బిడ్డలు చెఱియొక ప్రక్కను జేరి చేయి పట్టి లాగుచు, అది కావలెనని యొకరు, ఇది కావలెనని యొకరు వేధింతురఁట! ఈ వర్ణనయందు మేడలు లేవు, నగలు లేవు, శృంగారము పేరునకైన లేదు. గిరీశము వంటి రసికుఁడు శృంగారమును విడిచి బిడ్డలను దెచ్చుట అతని గడుసుఁదనమునకు గుర్తు. ఆ మాట బుచ్చమ్మను దాఁకిన కారణము మాత్రము అతని గడుసుఁదనము కాదు. బిడ్డలు చేయి పట్టి లాగఁగలిగిన తండ్రిని ఆమె యెన్నఁడును జూచియుండలేదు. వితంతు వివాహము శాస్త్రసమ్మతమా యను వాదముకంటె ఈ చిన్న దృశ్యము ఆమెకు విప్లవకరమైనది.

ఆలంకారికులు పూర్వరాగము శ్రవణము వలనఁ గాని దర్శనము వలనఁ గాని పుట్టునందురు. దమయంతి హంస నోట నలుని గుణములు వినెను. ప్రభావతి శుచిముఖి నోటఁ బ్రద్యుమ్నుని వినెను. బుచ్చమ్మదియు శ్రవణానురాగమే. అయినను రెండు భేదములు గమనింపఁదగినవి. కావ్యనాయిక వినునది నాయకుని గుణములు. ఇల్లు, ఉద్యానము, చెలులు ఉద్దీపనములుగా నుండును. బుచ్చమ్మ విషయమున నిల్లే యాలంబనమై, నాయకుఁడు ఆ యింటికిఁ దలుపువంటివాఁడు మాత్రమయ్యెను. రెండవది మఱింత ముఖ్యము. కావ్యములందు హంస వేఱు, నలుఁడు వేఱు. దూత చెప్పినదానిని నాయకుని చరిత్రము నిలువఁబెట్టును. ఇచట హంసయు నలుఁడు నొక్కఁడే! తన్నుఁ దాను వర్ణించుకొను హంసను నమ్ముటకుఁ గాని నమ్మకుండుటకుఁ గాని ఆ బాలికకు సాధన మేమున్నది?

ఆంగ్లసాహిత్యమున జేన్ ఆస్టిన్ రచించిన నార్తాంగర్ ఆబీ యను నవలలో కాథరిన్ మోర్లండను పల్లెటూరి బాలిక కొత్తచెలి యింటిని గూర్చి గ్రంథములు చదివి పెంచుకొన్న యూహలతో ఆ యింటనే యతిథిగా నుండును. కన్నులారఁ జూచి తన భ్రమను తానే దిద్దుకొనును. బుచ్చమ్మ కా యవకాశము లేదు. అతిథిగా వెళ్లి చూచి మరలివచ్చుట యను మధ్యమార్గము అగ్రహారపు వితంతువునకు లేదు, వెళ్లిన వెళ్లినట్లే.

అట్టి యిండ్లు లోకమున లేకపోలేదు. 1881 సం. డిసెంబరు 11 తేదిని రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహమును జరిపించిరి. బంధువులు దూరమై పరిచారకులు విడిచిపోయిన కాలమున రాజ్యలక్ష్మమ్మగారు తామే వండి, నీరు తెచ్చి ఆ యింటిని నిలిపిరి. కావున గిరీశము లోకమును గూర్చి యాడినది యంతయు బొంకు గాదు. తన్ను గూర్చి యాడినదే బొంకు. ఈ భేదమును పాటింపనివారికి బుచ్చమ్మ తెలివిమాలినదిగాఁ గనఁబడును. ఆమె తెలివిమాలినది యని యొప్పుకొన్నచో అగ్నిహోత్రావధానులు సగము నిర్దోషి యగును.

ఇంతకును ఆమె యా యూహకై మాత్రమే యిల్లు వెడలలేదు. తాము వెళ్లినచో కలఁత పుట్టి సుబ్బి పెండ్లి తప్పిపోవునని గిరీశము నచ్చఁజెప్పిన పిమ్మటనే ఆమె కదలినది. తన కోరికను చెల్లెలి రక్షణము చాటునఁ గాని యొప్పుకొనలేని స్వభావ మది. దీనిని కవి యొక్క పంక్తిలోనైన వ్యాఖ్యానింపక విడుచుట మెచ్చఁదగినది.

కథ తుదకు విశాఖపట్టణమునకు చేరును. వ్యాజ్యములన్నియు నచటనే ముడిపడును. పురుషవేషమున సౌజన్యారావుపంతులుగారి యింటికి వచ్చిన మధురవాణి వలన గిరీశము పూర్వవృత్తము బయలుపడును. బుచ్చమ్మను రక్షించిన స్త్రీ యామెయే; అయినను నాటకమున వారిరువురు నొకరి నొకరు చూడనే లేదు. వేశ్య యిల్లు, వైదికుని యిల్లు, రెంటిని ఎఱిఁగినవాఁడు గిరీశము.

సౌజన్యారావు బుచ్చమ్మను పూనాయందలి వితంతు శరణాలయమునకు పంప నిశ్చయించును. ధోండో కేశవ కర్వేగారు పూనాయం దట్టి శరణాలయమును 1896 లో నెలకొల్పియుండిరి కావున ఈ ముగింపు గాలిలో మేడ కాదు. గిరీశము చెప్పిన సంసారమునకు మాఱుగా ఆమెకు చదువు లభించును. లోకజ్ఞునకు ఇది న్యాయమైన పరిష్కారమే. నాటకధర్మమును బట్టి చూచినచో నిచట నొక లోపము నిలిచినది. కూఁతుండ్రను అడుగక తండ్రి పెండ్లిండ్లు నిశ్చయించెను. సౌజన్యారావు సజ్జనుఁడయ్యు ఆమె నడుగకయే ప్రయాణము నిశ్చయించెను. తుదిరంగమున గిరీశ మున్నాఁడు, మధురవాణి యున్నది, బుచ్చమ్మ లేదు. గిరీశము కట్టిన యింటిని ఆమె వినుచుండఁగా ప్రేక్షకులకుఁ జూపిన కవి, ఆ యిల్లు లేదని యామె విను ఘట్టమును వ్రాయలేదు.