బాల్కనీలో దిబ్బ

మా పడమటి ప్రకాశం పల్లెల్లో పశువులున్న ప్రతి ఇంటికీ ఒక దిబ్బ ఉండేది. పేడ, ఊడ్చిన చెత్త, గొడ్లు తినగా మిగిలిన చొప్ప అన్నీ అక్కడికే చేరేవి. తొలకరికి ముందు ఆ ఎరువును బండ్లకెత్తి చేలకు తోలేవాళ్లు. ఆ పల్లెల నుంచే మార్కాపురానికో గిద్దలూరుకో వచ్చి అపార్ట్‌మెంట్లలో స్థిరపడ్డాం. దిబ్బ ఊళ్లోనే ఉండిపోయింది. కూరగాయల తొక్కలను కవర్లో మూటగట్టి చెత్తబండిలో వేస్తున్నాం.

వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఏళ్లతరబడి ఎదురుచూసిన ప్రాంతం మనది. ఇక్కడ తొక్కలను పారేయడమంటే నీటిని పారేసుకోవడమే. ఆ తొక్కలు కుళ్లితే వచ్చే కంపోస్టు ఎరువు కలిసిన మట్టి తడిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. ట్యాంకరు నీళ్లు కొనుక్కునే వేసవిలో కుండీలో మొక్క బతకడానికి ఆ తడే ఆధారం.

ఇంట్లో కంపోస్టు చేసుకోవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. మూత ఉన్న పాత ప్లాస్టిక్ బకెట్‌కు అడుగున, పక్కల చిల్లులు పెట్టి, కింద ఒక పళ్లెం ఉంచాలి. అడుగున కొబ్బరి పీచు, ఆపైన గుప్పెడు పాత ఎరువు లేదా తోటమట్టి వేయాలి. రోజూ తొక్కలను చిన్న ముక్కలు చేసి వేసి, వాటికి రెట్టింపు ఎండుటాకులు కప్పాలి. మన వీధుల్లో వేపచెట్లకు కొదవలేదు కాబట్టి, రాలిన ఆకును ఒక సంచిలో నింపుకుంటే చాలు. పై పొర ఎప్పుడూ ఎండుటాకుదే అయితే ఈగలు ముసరవు. మాంసం, చేపలు, నూనె కూరలు మాత్రం వేయకూడదు.

చాలామంది వాసనకు భయపడి ఈ పనికి దిగరు. వాసన వచ్చిందంటే తడి ఎక్కువై గాలి ఆడటం లేదని అర్థం. ఎండుటాకులు కలిపి తిరగేస్తే పోతుంది. మన ఎండలకు అసలు చిక్కు ఆరిపోవడంతోనే. ఆరిన తొక్క కుళ్లదు, అలాగే పడి ఉంటుంది. అందుకే బకెట్‌ను నీడన పెట్టి, బియ్యం కడిగిన నీళ్లు చిలకరించాలి. పిడికెడు తీసి పిండితే ముద్ద కట్టాలి, నీళ్లు మాత్రం కారకూడదు. రెండు మూడు నెలలకు తొక్కల ఆనవాలు పోయి, నల్లటి పొడి మిగులుతుంది. తొలి వాన పడ్డ చేను వాసన వస్తే ఎరువు సిద్ధమైనట్టే. చిన్న బకెట్లో వేడి అంతగా పుట్టదు కనుక టమాటా గింజలు చావవు, ఆ ఎరువు వేసిన కుండీలో అవే మొలకెత్తుతాయి.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. వ్యవసాయ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవార్డ్ 1924 నుంచి 1931 వరకు ఇండోర్‌లో పనిచేసి, పచ్చిదీ ఎండుదీ పొరలుగా పేర్చే పద్ధతిని ప్రపంచానికి చెప్పారు. మన దిబ్బకు అది దగ్గరి చుట్టమే. ఇక మేడ మీద మొక్కల పెంపకం విషయానికొస్తే, హైదరాబాద్ శివార్లలోని నారపల్లిలో కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి ఇంటి పైకప్పు మీద మిద్దెతోట పెంచి, ఎందరో తెలుగువాళ్లను ఆ దారి పట్టించారు.

తడి చెత్తను ఇంట్లోనే వేరుచేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. వేరుచేసే పని ఎలాగూ తప్పదు, ఆ తడి చెత్తను గడప దాటించకుండా ఎరువు చేసుకుందాం. బకెట్‌తో మొదలుపెట్టండి. కుదిరాక పక్క ఫ్లాట్‌వాళ్లకూ నేర్పి, మేడ మీద అందరికీ కలిపి ఒక పెద్ద డ్రమ్ము పెట్టించండి. ఊళ్లో వదిలేసి వచ్చిన దిబ్బను మళ్లీ ఇంటికి తెచ్చుకుందాం.