చికిటిలో ‘హై నూన్’

1971లో ప్లేబాయ్ పత్రిక హాలీవుడ్ నటుడు జాన్ వేన్‌తో పొడుగాటి ఇంటర్వ్యూ వేసింది. అందులో ఆయన ‘హై నూన్’ సినిమాని దుమ్మెత్తిపోశాడు. ఆఖర్న హీరో గ్యారీ కూపర్ మార్షల్ బిళ్ల తీసి కాలికింద వేసి తొక్కాడని, తన జన్మలో అంత అమెరికా వ్యతిరేకమైనది చూడలేదని ఆయన కోపం. సినిమా తీసి చూడండి. కూపర్ బిళ్ల పీకుతాడు, మట్టిలో పడేస్తాడు, భార్య పక్కన బండెక్కి వెళ్లిపోతాడు. తొక్కడం ఎక్కడా లేదు.

వేన్ బతుకంతా వెస్టర్న్ సినిమాల్లోనే గడిపినవాడు. 1953 మార్చిలో ఆస్కార్ వేదికెక్కి, కూపర్ తరఫున ఇదే సినిమాకొచ్చిన ఉత్తమ నటుడి బహుమతి అందుకున్నదీ ఆయనే. ఈ పాత్ర నాకెందుకు రాలేదో మా ఏజెంటుని నిలదీస్తానని ఆ రోజు సరదాగా అన్నాడు కూడా. అంతటివాడి జ్ఞాపకంలోకి లేని కాలు ఒకటి వచ్చి చేరింది. అభిప్రాయం ముందు పుట్టి, దానికి తగ్గ దృశ్యం తర్వాత పుడితే ఇలాగే అవుతుంది.

అందుకే ఒడిశాలోని చికిటిలో మా ఇంట్లో ఆదివారం సాయంత్రాల సినిమాకి ఒక్క కట్టడి పెట్టుకున్నాం. సినిమా అయ్యాక అందరూ మాట్లాడాలి. బాగుందన్నా, బాలేదన్నా, ఎక్కడ అలా అనిపించిందో ఆ చోటు చెప్పాలి. అనుమానమొస్తే వెనక్కి తిప్పి మళ్లీ చూస్తాం. వినడానికి చిన్న పనే. కూర్చుని చేస్తే తెలుస్తుంది, చూసినదాన్ని చూసినట్టు చెప్పడానికి ఎంత సాధన కావాలో.

అలా ఒక ఆదివారం ‘హై నూన్’ పెట్టాం. 1952లో ఫ్రెడ్ జిన్నెమన్ తీసిన సినిమా ఇది. నిడివి 85 నిమిషాలు. కథ జరిగే కాలమూ దాదాపు అంతే. హేడ్లీవిల్ అనే చిన్న ఊరు. మార్షల్ విల్ కేన్ అప్పుడే పెళ్లి చేసుకుని ఉద్యోగం వదిలి వెళ్లబోతున్నాడు. తాను జైలుకి పంపిన ఫ్రాంక్ మిల్లర్ విడుదలై మధ్యాహ్నం పన్నెండు గంటల రైలుకి వస్తున్నాడని కబురొస్తుంది. స్టేషన్లో అతని మనుషులు ముగ్గురు కాచుకుని ఉన్నారు. కేన్ వెనక్కొస్తాడు. ఇంటింటికీ తిరిగి సాయం అడుగుతాడు. చివరికి ఊరివాళ్లెవరూ తోడు నిలవరు.

మా పెదనాన్నకి ఇదే గిట్టలేదు. “ఈడేం ఈరోరా! పేనం మీదికొచ్చేసరికి ఇంటింటికీ ఎల్లి అడుక్కుంతన్నాడు. మన కిష్ణయితే ఒక్కడే ఎల్లి తేల్చీసును” అన్నాడు. ఆయన బరంపురంలో ‘మెకన్నాస్ గోల్డ్’ చూసిన కుర్రాడు, 1971 ఆగస్టులో కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’ వస్తే ఎగబడి చూసిన కుర్రాడు. ఆయన లెక్కలో గుర్రమెక్కినవాడు చెయ్యి చాచకూడదు. తీసిపారేయాల్సిన మాట కాదిది. దర్శకుడు హోవర్డ్ హాక్స్‌కీ ఇదే అభ్యంతరం. పనితనమున్న షెరీఫ్ ఊరివాళ్ల వెంటపడి సాయమడగడని ఆయన పట్టుదల. ఆ పట్టుదలతోనే వేన్‌ని పెట్టి 1959లో ‘రియో బ్రావో’ తీశాడు. ఒక ప్రేక్షకుడి అభిప్రాయం మరో సినిమాగా మారడం ఎంత అరుదు!

పెదనాన్నకి జవాబు మా అత్త చెప్పింది. ఆవిడకి తుపాకులతో పని లేదు. ఆవిడ చూసిందల్లా తలుపులు. కేన్ తన స్నేహితుడు శామ్ ఫుల్లర్ ఇంటి ముందుకొస్తాడు. వస్తున్నది కిటికీలోంచి చూసిన ఫుల్లర్, తాను లేనని చెప్పమని భార్యని గుమ్మంలోకి తోస్తాడు. చర్చికి వెళ్లాడంటుందామె. నిన్ను వదిలేసి వెళ్లాడా అని కేన్ అడిగితే ఆమె తడబడుతుంది. ఆ ముఖం మీద అత్త ఆపించింది. “దానికి అబద్దం ఆడ్డం రాదు పాపం. అయినా మొగుడి పరువు ఇదే మొయ్యాల. ఆడికీ తెలుసు, దీనికీ తెలుసు. ఆడు మరి అడక్కుండా ఎల్లిపోనాడు, సూడండి. అదీ మర్యాద” అంది. అప్పులవాడు వీధిలో నిలబడి పిలుస్తుంటే, మొగుణ్ణి పెరట్లో ఉంచి ‘లేరండీ’ అని చెప్పాల్సి వచ్చిన ఆడవాళ్లు మా వీధిలో ఎందరో. ‘హై నూన్’ మీద నేను చదివిన పొడుగాటి వ్యాసాల్లో ఈ దృశ్యాన్ని పిరికితనానికి ఉదాహరణగా ఒక్క వాక్యంలో ముగించారు. ఆ పిరికితనం బరువు ఎవరి నెత్తిన పడిందో చెప్పింది అత్తే.

చర్చిలో పంచాయతీ గురించి కూడా ఆవిడ మాటే నాకు నిలిచింది. కేన్ అక్కడికొచ్చి సాయమడిగితే, పిల్లల్ని బయటికి పంపి పెద్దలు చర్చిస్తారు. బయట పిల్లలు తాడులాగుడు ఆట ఆడుతుంటారు. లోపల ఒకడు జీతాలిచ్చి పోలీసుల్ని పెట్టుకున్నది ఎందుకంటాడు, ఒకామె లేచి సిగ్గులేదా అని కడిగేస్తుంది. చివరికి ఊరిపెద్ద హెండర్సన్ లేచి కేన్‌ని ఆకాశానికెత్తుతాడు. ఇంకేముంది, ఊరు కదిలిందనుకుంటాం. అక్కణ్ణించి మాట తిప్పుతాడు. ఉత్తరాది వాళ్లు ఇక్కడ డబ్బు పెట్టాలని చూస్తున్నారు, వీధిలో కాల్పులు జరిగితే అదంతా పోతుంది, నువ్వు వెళ్లిపోవడమే మంచిదంటాడు. “పొగిడి పొగిడి గుమ్మం సూపించినాడు” అంది అత్త. గ్రామసభలో కూర్చున్న ఎవరికైనా ఆ ఉపన్యాసం ఎటు తిరుగుతుందో ముందే తెలుస్తుంది.

ఈ సినిమా రాసిన కార్ల్ ఫోర్‌మన్‌కి ఆ తలుపులు సొంత అనుభవం. 1951లో చిత్రీకరణ నడుస్తుండగానే ఆయన్ని అమెరికా ప్రతినిధుల సభ విచారణ సంఘం ముందుకి పిలిచారు. ఒకప్పుడు ఆయన కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు. తోటివాళ్ల పేర్లు చెప్పనన్నాడు. కలిసి పనిచేసినవాళ్లు పక్కకి తప్పుకున్నారు, పని దొరకని జాబితాలో పడ్డాడు, ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. రాజకీయాల్లో పూర్తిగా అవతలి వైపున్న కూపర్ మాత్రం ఆయన పక్షాన మాట్లాడాడు. ఆ ఫోర్‌మనే తర్వాత ‘మెకన్నాస్ గోల్డ్’కి రచయిత, నిర్మాతల్లో ఒకడు. ఈ సంగతి చెప్పినప్పుడు పెదనాన్న చాలాసేపు ఆలోచించాడు. తనకి ప్రాణమైన సినిమా, తనకి నచ్చని సినిమా ఒకే చేతి రాత. ఒకే సినిమా ఒక్కొక్కరికి ఒక్కోలా కనిపించడం మా ఇంటితో ఆగలేదు. 1989 జూన్ 4 ఎన్నికలకి పోలండ్‌లో సాలిడారిటీ ఉద్యమం వాళ్లు ఇదే గ్యారీ కూపర్ బొమ్మ పోస్టర్ మీద వేశారు. చేతిలో తుపాకీకి బదులు బ్యాలెట్ కాగితం పెట్టారు. వేన్‌కి దేశద్రోహిలా కనిపించిన మనిషి వాళ్లకి ఓటరులా కనిపించాడు.

సూరత్ మగ్గాల నుంచి సెలవు మీద వచ్చిన మా బావ కేన్ గురించి పెద్దగా మాట్లాడలేదు. అతని కళ్లు హెలెన్ రమీరెజ్ మీదే ఉన్నాయి. మెక్సికో నటి కేటీ హురాడో వేసిన పాత్ర అది. దానికామెకి గోల్డెన్ గ్లోబ్ వచ్చింది. ఆ ఊళ్లో కొట్టుకి పెట్టుబడి హెలెన్‌ది, పేరు మరొకడిది. కేన్ చస్తే ఊరూ చస్తుందని అందరికంటే ముందు కనిపెట్టి, వాటా అమ్మేసి రైలెక్కుతుంది. “డబ్బు కావాల్సినప్పుడు మనదే, వీధిలోకొచ్చేసరికి పైది. మాకు తెలీదేటి?” అన్నాడు బావ. ఆమె, కేన్ ఒక్క చోట ఇంగ్లీషు వదిలేసి స్పానిష్‌లో రెండే రెండు ముక్కలు మాట్లాడుకుంటారు. కింద అర్థం వెయ్యలేదు. మా వాళ్లెవరికీ అది అక్కర్లేకపోయింది. 1936లో ఒరిస్సా వేరుపడినప్పుడు ఇచ్ఛాపురం మద్రాసు వైపు ఉండిపోయి, మేము ఒరిస్సాలోకొచ్చాం. బజారులో ఒడియా, ఇంట్లో తెలుగు. మనసులో మాట వచ్చినప్పుడు భాష మారుతుందని చికిటి పిల్లలకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

నలుపు తెలుపు గురించి కుర్రాళ్లు మొదట గొణిగారు. ‘మాయాబజార్’కి 2010లో రంగులేశారు కదా, దీనికీ వెయ్యొచ్చుగా అన్నాడొకడు. నేను ఒప్పుకోను. 1957లో మార్కస్ బార్ట్లీ ఆ నలుపు తెలుపుల్లోనే వెన్నెల కురిపించాడు. ఇక్కడ ఛాయాగ్రాహకుడు ఫ్లాయిడ్ క్రాస్బీ అదే నలుపు తెలుపుల్లో ఎండ కాయించాడు. అమెరికా అంతర్యుద్ధం నాటి మాథ్యూ బ్రాడీ ఫొటోల్లాగా ఉండాలని జిన్నెమన్, ఆయన కలిసి నిర్ణయించుకున్నారు. ఫిల్టర్లు వాడలేదు, ఆకాశం మబ్బు లేకుండా తెల్లగా కాలిపోయి ఉంటుంది. కూపర్‌కి అప్పటికి యాభై ఏళ్లు, కడుపులో పుండు, నడుం నొప్పి. ఆ ముడతలు, ఆ చెమట దాచలేదు. నీలాకాశం వేస్తే ఆ మిట్టమధ్యాహ్నం చల్లబడిపోతుంది.

ఇంత మాట్లాడుకున్నాక మా మేనకోడలు నోరు విప్పింది. ఒడియా బడిలో చదువుతోంది; తెలుగు మాటల్ని ఒడియా అక్షరాల్లో నోట్సు రాసుకుంటుంది. కేన్ దగ్గరికి సాయానికొచ్చినవాళ్లలో ఒక కుర్రాడున్నాడు. పదహారేళ్లంటాడు, నీకు పధ్నాలుగేనని కేన్ ఇంటికి పంపేస్తాడు. “కాల్పులయిపోనాక బండి తోలుకొచ్చింది ఆ గుంటడే మావయ్యా” అంది. ఎవరూ నమ్మలేదు. వెనక్కి తిప్పాం. బండి దిగుతున్నది వాడే. కేన్ వాడి వైపు చూసి, భార్యని బండెక్కించి, అప్పుడు ఊరివాళ్ల వైపు తిరిగి బిళ్ల పారేస్తాడు. ఎన్నోసార్లు చూసిన సినిమాలో నా కంటికి ఆనని మనిషిని ఆ పిల్ల పట్టుకుంది. ఊరు మొత్తం మీద ఆ విసురు తగలనిది ఒక్కడికే అన్నమాట.

పెదనాన్న తన మాట మీదే ఉన్నాడు. వచ్చే ఆదివారం ‘రియో బ్రావో’ పెట్టమన్నాడు, పెడుతున్నాం. అందులో షెరీఫ్ ఎవర్నీ అడగడు; తాగుబోతు డిప్యూటీ, కుంటి ముసలాయన, ఒక కుర్రాడు, పూలకుండీ విసిరే ఒక ఆడమనిషి అడక్కుండానే వచ్చి వాణ్ణి కాపాడుతూ ఉంటారు. దాని మీద అత్త ఏమంటుందో వినాలని ఉంది.