విస్తట్లో లేని కోనసీమ

కోనసీమ అనగానే ఒక బొమ్మ సిద్ధంగా ఉంటుంది. కొబ్బరిచెట్లు, కాలవ, పడవ, అరిటాకులో వేడన్నం. దీన్ని మొదట సినిమా గీసింది, తర్వాత పత్రికల ఆదివారం సంచికలు గీశాయి, ఇప్పుడు రిసార్టులూ టూరిజం ప్రకటనలూ గీస్తున్నాయి. 2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటంగా నడిచింది కోనసీమ ప్రభల తీర్థమే. బొమ్మలో ఉన్నవేవీ అబద్ధం కావు. చెట్లున్నాయి, కాలవలున్నాయి. చెట్టెక్కి దింపు తీసేవాడు, కాలవ పూడిక తీసేవాడు, ఆ అన్నానికి నాట్లేసిన ఆడది మాత్రం కనపడరు. వీళ్ళు లేకుండా బొమ్మ ఎలా గీయగలుగుతున్నారన్నదే మన ప్రశ్న.

ముందు పులస సంగతి చూద్దాం. సముద్రంలో ఉన్నంతసేపూ అది ఇలస. వరద నీటికి గుడ్లు పెట్టడానికి గోదావరిలోకి ఎదురీదితే పులస అవుతుంది, వేలల్లో ధర పలుకుతుంది. చేప ఒకటే, చోటు మారితే హోదా మారింది. మనిషికి మాత్రం ఈ సౌకర్యం లేదు. పేటలో పుట్టినవాడు ఏ ఏరు ఎదురీదినా వాడి పాత పేరు వెంటే వస్తుంది. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెతను అందరూ ముచ్చటగా చెబుతారు. ఎవరి పుస్తెలు? అమ్ముకోడానికి బంగారం ఉన్న ఇంటి సామెత అది. కూలి డబ్బుల్తో ఎండు నెత్తళ్ళు కొనుక్కునే ఇంట్లో పుట్టే సామెత కాదు.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రావాల్సిందే. కాకపోతే ఆ రేకు తీసేది బోర్లించిన కుండ ముందు, కొబ్బరాకుల మంట దగ్గర, పొద్దస్తమానం కూచున్న ఆడవాళ్ళు. బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను కాలుతున్న కుండమీద ఒక్క లాగు లాగితే రేకొస్తుంది. గుర్తింపు ఊరికొచ్చింది, లాభం దుకాణానికొచ్చింది. సెగ మాత్రం వాళ్ళ మొహానిదే. శ్రమను తీసేసి రుచిని మిగిల్చి చూపించడం బ్రాహ్మణీయ సౌందర్య దృష్టికి పాత అలవాటు.

ఇక అసలు జాబితాలోకే ఎక్కని తిండి ఉంది. పరిగె ఏరుకున్న గింజల అన్నం, తరవాణి, గంజి, కాలవలో పట్టిన పీతలూ నత్తలూ, గోంగూరలో ఎండురొయ్యలు, పండక్కి పెద్దకూర, మిగిలితే దండెం మీద ఎండేసిన తునకలు. ఇవీ కోనసీమ వంటలే. 'కోనసీమ రుచులు' అని రాసేవాళ్ళకు వీటి వాసన తెలీదని నమ్మలేం. తెలిసే వదిలేస్తారు.

వదిలేయడంతో ఆగితే ఒక సంగతి. 2016 ఆగస్టులో ఈ అమలాపురంలోనే, కరెంటు తగిలి చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితుల్ని గోరక్షణ పేరుతో చెట్టుకు కట్టి కొట్టారు. గుజరాత్‌లో ఊనా జరిగి అప్పటికి నెల కూడా కాలేదు. చచ్చిన గొడ్డును ఎత్తాల్సింది వీళ్ళేనని చెప్పిందీ ఊరే, ఎత్తినందుకు కొట్టిందీ ఊరే. మెనూలో లేని తిండి వీపు మీద దెబ్బగా తేలింది.

ఇక్కడ మనలో మనం తేల్చుకోవాల్సింది ఒకటుంది. 1927లో మహద్‌లో చచ్చిన గొడ్డు మాంసం మానేయమని అంబేద్కర్ పిలుపిచ్చాడు. ఈ తరం పెద్దకూర మా హక్కంటోంది. రెండూ పొసగవని కొందరు ఎగతాళి చేస్తారు. పొసుగుతాయి. ఆయన తెంచమన్నది కూర వెనకున్న వెట్టిని. మనం అడుగుతున్నది ఇష్టంగా తినే స్వేచ్ఛని. తినమని నెట్టే అధికారమూ, తినొద్దని కొట్టే అధికారమూ ఒకే చేతిలో ఉన్నాయి. పోరు ఆ చేతితో.

తాగేదాని సంగతీ ఇంతే. తాటికల్లు టూరిస్టు తాగితే ప్రకృతి పానీయం, కూలోడు తాగితే తాగుబోతుతనం. అలాగని కల్లు కుండకు పాట కట్టి సంబరపడితే చాలదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా మీద లేచింది కూలి ఆడవాళ్ళే. మగాళ్ళ తాగుడు దెబ్బలు తిన్నది వాళ్ళే. మన తిండి, మన తాగుడు అని గొప్ప చెప్పేటప్పుడు ఆ ఆడవాళ్ళ మాటనూ లెక్కలోకి తీసుకోవాలి.

గోదావరి మర్యాద మీద కూడా చాలా రాశారు. కొత్తల్లుడికి వందల రకాలు వడ్డించిన ఫోటోలు ప్రతి సంక్రాంతికీ చూస్తున్నాం. అదే గోదావరికి ఆ గట్టున, గరగపర్రులో 2017లో అంబేద్కర్ విగ్రహం పెట్టుకోబోయిన దళితుల్ని సాంఘికంగా వెలేసి, పనుల్లోకి పిలవడం మానేశారు. అల్లుడికి వందల కూరలు, కూలోడికి పని బందు. మర్యాదకు కులముంది.

చూడదగ్గ చోట్లంటే అంతర్వేది, అప్పనపల్లి, అయినవిల్లి, దిండి అంటారు. అప్పనపల్లి ఉన్నది మామిడికుదురు మండలంలో. 'పాలేరు' నాటకం రాసిన బోయి భీమన్న పుట్టింది మామిడికుదురులోనే. లోక్‌సభ తొలి దళిత స్పీకరు బాలయోగి పేరున్న వంతెన మీంచే ఎదుర్లంక నుంచి యానాం పోతారు. గుడికి వెళ్ళే బండి ఈ పేర్ల దగ్గర ఆగదు.

ఈ బొమ్మ ఎంత గట్టిదో 2022లో బయటపడింది. ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా ఏర్పడింది. మే నెలలో అంబేద్కర్ పేరు చేర్చే ప్రకటన రాగానే 24న అమలాపురం తగలబడింది. దళిత మంత్రి ఇల్లూ, ఒక ఎమ్మెల్యే ఇల్లూ కాల్చారు. వాళ్ళ డిమాండు 'కోనసీమ' అన్న పేరొక్కటే ఉండాలని. కొబ్బరాకు కింద కాలవగట్టు బొమ్మలో ఆ పేరు ఇమడదని వాళ్ళకి అర్థమైంది. అయినా జిల్లాకు పేరు నిలిచింది.

ఇప్పుడు రిసార్టుల మెనూలో మన తునకలు చేర్చమని అడగాలా? అడిగితే రేపు 'పేట భోజనం' అని ప్లేటుకింత రేటు పెడతారు. మన గూడెం కూడా చూసే చోటైపోతుంది. విద్యార్థులూ టీచర్లూ చేయాల్సిన పని వేరే ఉంది. ప్రతి వంటకాన్నీ మూడు ప్రశ్నలు అడగండి. ఎవరి చేతుల్లో తయారైంది, ఎవరి భూమిది, ఎవరి పక్కన కూచుని తింటున్నారు? మీ ఇళ్ళల్లో అమ్మల్నీ అమ్మమ్మల్నీ కూచోబెట్టి ఏం తిన్నారో, ఏది దొరక్క పస్తున్నారో రాయించండి. కోనసీమ చరిత్రలో ఆ భాగం ఇంకా రాయాల్సే ఉంది.